మొదటి పేజీ లేని పుస్తకాలు

రాజముద్రతో కాయలు కొట్టుకు తిన్న కుర్రాడు. కోడికాళ్ళ మీద నిలబడి, చెప్పినవైపుకల్లా తిరిగే గుడిసె. ఒక్కో రేక తుంచి ఒక్కో కోరిక కోరుకుంటూ పోయి, ఆఖరి రేక దగ్గర ఆగిపోయిన చిన్నపిల్ల. అడవిలో పాడుబడ్డ గుడి, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళే ఇద్దరు యువకులు. కృష్ణ సముద్రంలో కలిసే ఈ దిగువ సీమలో, బందరు నుంచి గుడివాడ దాకా, అటు పులిగడ్డ దాటి అవనిగడ్డ, నాగాయలంక దాకా, యాభై దాటినవాళ్ళని కూర్చోబెట్టి చిన్ననాటి చదువు గురించి కదిలిస్తే ఇలాంటివే బయటికొస్తాయి. బొమ్మ గుర్తుంటుంది. ఒక సంఘటన గుర్తుంటుంది. ఏ అరుగు మీద కూర్చుని చదివారో, పక్కన ఎవరున్నారో కూడా చెబుతారు. పుస్తకం పేరు మాత్రం రాదు. రాసినవాళ్ళ పేరు అసలే రాదు.

దీన్ని అందరూ మతిమరుపు కింద జమ కడతారు. నాకలా అనిపించదు. పేరు మరిచిపోవాలంటే ముందు ఆ పేరు తెలిసి ఉండాలి కదా. మాలో చాలామందికి దాన్ని ఎవరూ చెప్పలేదు. పుస్తకం మా చేతికి వచ్చేసరికే దానికి అట్ట లేదు. మొదటి పేజీలు ఊడిపోయి, తొమ్మిదో పేజీ నుంచో పదిహేడో పేజీ నుంచో కథ మొదలయ్యేది. మాకన్నా ముందు చదివిన అన్నయ్యలూ అక్కలూ పక్కింటివాళ్ళూ ఆ పేజీలను అరగదీసి మాకు పంపారు. మేం కూడా మా వంతు అరగదీసి తమ్ముళ్ళకి ఇచ్చాం.

ఇక ఇంట్లో కుట్టిన పుస్తకాల సంగతి వేరు. వారపత్రికలో సీరియల్ వస్తుంటే, వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చించి దాచేవారు ఆడవాళ్ళు. సీరియల్ పూర్తయ్యాక దబ్బనంతో బెజ్జాలు పొడిచి, పురికొసతో కుట్టి, పైన పాత క్యాలెండరు కాగితం అతికించేవారు. అట్ట మీద వేంకటేశ్వరస్వామో, ఎరువుల కంపెనీ వాళ్ళ వరిచేనో ఉంటుంది. లోపల నవల. మా వీధిలో ఒక నవలని అందరూ 'వరిచేను పుస్తకం' అనే పిలిచేవారు. ప్రతి కాగితానికీ వెనకవైపు ఆ వారం పత్రికలో పడ్డ మరేదో ఉంటుంది. సగం వంటల శీర్షిక, ఇంకో సీరియల్లో ముక్క, తలనొప్పి మందు ప్రకటన. పిల్లలం రెండు వైపులా చదివేసేవాళ్ళం. అందుకే ఈ రోజుకీ కొందరికి రెండు నవలలు ఒకే నవలగా గుర్తు. ఆ పెనవేత విడదీయాలంటే కథని కాక కాగితాన్ని పట్టుకోవాలి.

గుడివాడలో అద్దె పుస్తకాల కొట్లది మరో దారి. పుస్తకం కొనగానే అట్ట తీసేసి, దళసరి అట్టా కాలికో గుడ్డా వేసి బైండు చేయించి, వెన్ను మీద అంకె రాసేవారు. రోజుకింత అని అద్దె. తీసుకెళ్ళేవాళ్ళు అంకె చెప్పి తీసుకునేవారు. డిటెక్టివ్ నవలలైతే పేర్లు చూసే తీరిక కూడా ఉండేది కాదు. బైండరు కత్తెరేసి అంచులు సమం చేస్తే పేజీ తలమీద ఉండే నవల పేరు కూడా తెగిపోయేది. ఆ కొట్లు ఇప్పుడు లేవు. ఆ అంకెలకు అసలు పేర్లేమిటో చెప్పే రిజిస్టర్లూ లేవు.

ఈ నేల అక్షరానికి దూరమైనదేమీ కాదు. ఆ మాట తప్పక చెప్పుకోవాలి. 1902లో కృష్ణాపత్రిక బందరులోనే పుట్టింది. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయాల కోసం ఆంధ్రదేశమంతా ఎదురుచూసింది. ఎం. శేషాచలం అండ్ కంపెనీ మచిలీపట్నం నుంచే ఎదిగింది. ఎమెస్కో అన్న పేరు ఆ కంపెనీదే. పాకెట్ పుస్తకాలని, సొంత గ్రంథాలయ పథకాన్ని మధ్యతరగతి ఇళ్ళలోకి తెచ్చింది వాళ్ళే. నదికి అవతలి ఒడ్డున పాతూరి నాగభూషణంగారు 1935లో కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. ఊరి రేవులో పడవ ఆగితే పుస్తకం తీసుకోవడం, మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చేయడం. అంటే ఇక్కడ పుస్తకానికి కరువు లేదు. కాకపోతే పుస్తకం మనిషి నుంచి మనిషికి నడిచింది. బీరువాలో నిలబడలేదు. నిలబడ్డ పుస్తకానికి పేరు మిగులుతుంది. నడిచే పుస్తకానికి కథ మిగులుతుంది.

'చందమామ' సంగతి మరీ చిత్రం. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక తెలియని తెలుగు ఇల్లు ఉండేది కాదు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావుగారు దాన్ని చేత్తో దిద్దారు. మన పిల్లల తెలుగు వాక్యాన్ని దిద్దింది కూడా ఆ చెయ్యే అని నా నమ్మకం. కానీ నెలనెలా ఊపిరి బిగబట్టి చదివిన ఆ సాహస సీరియళ్ళకి రచయిత పేరు వేసేవారు కాదు. 'తోకచుక్క', 'మకరదేవత', 'కంచుకోట', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం'. 1954 నుంచి డెబ్భైల చివరిదాకా పిల్లల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వని ఈ కథలన్నీ రాసింది ఒకే మనిషి, దాసరి సుబ్రహ్మణ్యంగారు. తెనాలి ప్రాంతంవారు, కృష్ణకి అటువైపు మనిషి. 1952లో చందమామలో చేరి ఏళ్ళ తరబడి అదే కార్యాలయంలో పనిచేశారు. ఆయన పేరు తెలియకుండానే రెండు తరాలు ఆయన్ని చదివేశాయి. 2010 జనవరిలో ఆయన పోయారు. ఆ తర్వాత అభిమానులు పూనుకుని ఆ సీరియళ్ళను ఆయన పేరుతో పుస్తకాలుగా తెచ్చారు.

ఇలాంటి పుస్తకాల పేర్లు కనిపెట్టే ఈ వెతుకులాటని నేను కాలక్షేపం అనుకోకపోవడానికి ఆయనే కారణం. కోడూరు నుంచి ఒక పెద్దమనిషి, పాడుబడ్డ గుడిని వెతుక్కుంటూ పోయిన ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు శిఖిముఖి, విక్రమకేసరి అని చెప్పగలిగాడు. యాభై ఏళ్ళుగా ఆ పేర్లు నాలుక మీదే ఉన్నాయి. అవి 'శిథిలాలయం'లోవని, అది రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆయనకి ఒక ఉత్తరం రాసుండాల్సింది" అన్నాడు చివరికి. పాఠకుడు ఉన్నాడు, రచయిత ఉన్నాడు, ఒకే కాలంలో ఉన్నారు, ఇంచుమించు ఒకే సీమవాళ్ళు. మధ్యలో ఒక పేరు అచ్చుకాలేదు, అంతే. ఖడ్గవర్మ, జీవదత్తుడు గుర్తున్నవాళ్ళు ఉంటే అది 'రాతిరథం', దాని తర్వాత 'యక్షపర్వతం'. అవి రాసింది కూడా ఆయనే. దయచేసి ఎవరైనా అడిగితే చెప్పండి.

గ్రంథాలయానికి వెళ్తే దొరకదా అంటారు. వెళ్ళాలి, వెళ్తాను కూడా. అయితే గ్రంథాలయం అమరిక పేరు తెలిసినవాడి కోసం తయారైంది. రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒక కార్డు, విషయాన్నిబట్టి ఒక అంకె. కోడికాళ్ళ గుడిసెకి కార్డు ఉండదు. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసినప్పుడు, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నది అందులో ఒకటిగా పెట్టారు. ఆ సూత్రాన్ని నిజం చేసింది నేను చూసినంతలో క్యాటలాగు కాదు, మనుషులు. పాతతరం లైబ్రేరియన్లలో కొందరుండేవారు. "నీలం అట్ట, దొంగ ఓడ ఎక్కుతాడు" అంటే చాలు, లేచి వెళ్ళి తెచ్చిచ్చేవారు. ఇప్పుడు స్కాన్ చేసిన పాత పుస్తకాలు వేలకు వేలు అందుబాటులోకి వచ్చాయి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను పేజీ పేజీ చూసేలా పెట్టడం తెలుగువాళ్ళకి జరిగిన పెద్ద మేలు. కానీ అవి చాలావరకు బొమ్మలుగానే ఉన్నాయి. లోపలి మాటతో వెతకలేం. మళ్ళీ పేరే కావాలి.

అందుకే నా దగ్గరికి ఎవరైనా అలాంటి జ్ఞాపకం తెస్తే ముందు కథ అడగను. ఆ పుస్తకం ఇంటికి ఎలా వచ్చిందో అడుగుతాను. ఎవరు తెచ్చారు? కాగితం నున్నగా మెరిసేదా, గరుకుగా పసుపు తిరిగినదా? బొమ్మల్లో రంగులెన్ని? నిలువు పుస్తకమా, అడ్డ పుస్తకమా? ప్రతి జవాబూ ఒక గదిని మూసి ఇంకో గది తలుపు తెరుస్తుంది. ముఖచిత్రం మూలన 'వ.పా.' అని ఉండేదంటే అది వడ్డాది పాపయ్యగారి చెయ్యి. భుజాన శవాన్ని వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడంటే శంకర్ గారి బొమ్మ, బేతాళ కథ. సీరియల్ బొమ్మల్లో కొండలూ కోటలూ వింత జంతువులూ ఉంటే అవి 'చిత్రా'వి. ఇంకొకటి కూడా ఉంది. చందమామ చాలా భాషల్లో వచ్చేది. మాట మారినా బొమ్మ అదే. మద్రాసులో పెరిగినవాళ్ళు అంబులిమామలో అదే బొమ్మ చూసి ఉంటారు. తెలుగు పేరు దొరకని కథని తమిళ జ్ఞాపకం పట్టిస్తుంది.

అవనిగడ్డ, నాగాయలంక ఉన్న దివిసీమలో అయితే ఇంకొక ప్రశ్న ఉంది. ఉప్పెనకు ముందు చదివారా, తర్వాతా? అక్కడ కాలాన్ని కొలిచేది దాంతోనే. 1977 నవంబరు 19. సముద్రం లేచి వచ్చి ఊళ్ళని మింగిన రోజు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేలకు పైగా ప్రాణాలు. అంత దుఃఖం ముందు పుస్తకాల ప్రసక్తి తేవడానికి నోరు రాదు. నేను అడగను కూడా. వాళ్ళే చెబుతారు. ఇంట్లో ఏమేం ఉండేవో చెప్పుకుంటూ వస్తారు: పాడిగేదె, ధాన్యం పురి, పెళ్ళినాటి పెట్టె, పిల్లల పుస్తకాలు. అక్కడ పుస్తకం గుర్తుచేసుకోవడమంటే అది ఉన్న ఇంటిని గుర్తుచేసుకోవడం. చదివి వినిపించిన మనిషిని గుర్తుచేసుకోవడం.

రాజముద్రతో కాయలు కొట్టుకున్న కుర్రాడు మా మేనత్త జ్ఞాపకం. ఆవిడది నాగాయలంక వైపు పల్లె. ఉప్పెన తర్వాత గుడివాడ వచ్చేశారు. ఆ రాత్రి గురించి ఆవిడ చెప్పేది తక్కువ. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, పిల్లలకి చదివి వినిపించిన పుస్తకం గురించి మాత్రం ఎన్నిసార్లయినా చెబుతారు.

"రాజుగారి ముద్ర కనపడక లోకమంతా తల్లకిందులవుతుంటే, వీడేమో దాన్ని పెట్టి కాయలు కొట్టుకు తిన్నాడ్రా అబ్బాయ్! మా నాన్న అది చదివేప్పుడు నవ్వలేక దగ్గు తెచ్చుకునేవాడు. ఆ పుస్తకం ఎక్కడన్నా దొరుకుద్దంటావా?"

దొరికింది. అది మార్క్ ట్వేన్ కథ. రాకుమారుడూ, బిచ్చగాడి కొడుకూ అచ్చం ఒకేలా ఉండి, సరదాకి బట్టలు మార్చుకుంటారు. ఇతని చోటికి అతను, అతని చోటికి ఇతను చేరిపోతారు. సింహాసనం మీదికి వచ్చిన పేద పిల్లాడికి ఆ బరువైన వస్తువు రాజముద్ర అని తెలియదు. కాయలు కొట్టుకోవడానికి బాగుందని వాడుకుంటాడు. అప్పట్లో మన కృష్ణా జిల్లాలో ఉన్న విస్సన్నపేటలో పుట్టిన నండూరి రామమోహనరావుగారు దాన్ని 'రాజూ-పేద'గా తెలుగు చేశారు. టామ్ సాయర్‌నీ హకల్‌బెరీ ఫిన్‌నీ మనకిచ్చింది ఆయనే. స్టీవెన్సన్ సముద్రపు దొంగలు ఆయన చేతిలోనే 'కాంచనద్వీపం' చేరారు. బాలసాహిత్యానికి ఆయన చేసిన ఈ సేవ, సంపాదకుడిగా ఆయనకు వచ్చిన పేరు నీడలో పడిపోయిందని నా బాధ.

పుస్తకం పట్టుకెళ్ళి ఇచ్చాను. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. కొంత చదివాక ఆవిడ ముఖంలో అనుమానం కనిపించింది. పేద పిల్లాణ్ణి చావబాదే వాడి తండ్రి ముఖం ఆవిడకి బాగా గుర్తు. పుస్తకంలో మాత్రం ఆ ముఖం లేదు. ఎవరిలా ఉంటాడని అడిగితే తడుముకోకుండా "మన రామారావులా" అన్నారు. అక్కడ ముడి విడింది. 1954లో బి.ఏ. సుబ్బారావుగారు ఇదే కథని 'రాజు-పేద' సినిమాగా తీశారు. అందులో ఆ పేద పిల్లాడి తండ్రి పోలిగాడి వేషం వేసింది ఎన్.టి. రామారావుగారే. గుడివాడ పక్క నిమ్మకూరు మనిషి. టూరింగ్ టాకీసులో చూసిన ముఖం, తాతయ్య గొంతులో విన్న కథ మీద వచ్చి కూర్చుంది.

అసలు పేచీ ఇంకొకటి. పట్టాభిషేకం ఊరేగింపులో జనం మధ్య ఉన్న తల్లి, గుర్రం మీద ఉన్నది తన కొడుకేనని ఒక చిన్న అలవాటుని బట్టి గుర్తుపడుతుంది. ఉలిక్కిపడ్డప్పుడు వాడు అరచెయ్యి బయటికి తిప్పి కళ్ళకి అడ్డం పెట్టుకుంటాడు. అత్తయ్యకి ఆ చెయ్యి తిప్పడం కూడా గుర్తుంది. తన చేత్తో చేసి చూపించారు.

"వెంటనే గుర్రం దిగొచ్చి అమ్మని కావలించుకున్నాడు."

మార్క్ ట్వేన్ అలా రాయలేదు. వాడు నువ్వెవరో నాకు తెలియదంటాడు. భటులు ఆమెని లాగేస్తారు. ఆ మాట అన్నందుకు వాడి మనసు దహించుకుపోతుంది, ఊరేగింపు వైభవమంతా వెలవెలబోతుంది. నాకు తెలిసినంతలో ఆ నవల మొత్తంలో ఇంతకన్నా గొప్ప చోటు లేదు. అది చెప్పాను. అత్తయ్య ఒప్పుకోలేదు.

"కాదు నాయనా. దిగొచ్చాడు. మా నాన్న అలాగే చదివాడు."

అవును కదా అనిపించింది. పడుకోబోయే పిల్లలకి కథ చదివే తండ్రి ఆ చోట ఏం చదివి ఉంటాడు? అచ్చులో ఉన్నది చదివాడో, పిల్లల ముఖాలు చూసి తల్లినీ బిడ్డనీ కలిపేశాడో ఎవరికి తెలుసు? ఆ రాత్రుల్లో ఆ ఇంట్లో చదివిన 'రాజూ-పేద' ప్రతి ఒక్కటే. దాన్ని ఏ అచ్చుయంత్రమూ వేయలేదు.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో ఇలాంటిదే పరీక్షించి 1932లో పుస్తకం రాశాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొన్నాళ్ళయ్యాక, నెలల తర్వాత, కొందరిచేత ఏళ్ళ తర్వాత తిరిగి చెప్పించాడు. వింత విషయాలు రాలిపోయాయి. సీళ్ళని వేటాడటం చేపలు పట్టడం అయింది. ఆదివాసుల దోనె మామూలు పడవ అయింది. అర్థంకాని చోట చదివినవాళ్ళు తమకి తెలిసిన లోకం నుంచి కారణం తెచ్చి పెట్టారు. గుర్తుచేసుకోవడమంటే దాచినది తీయడం కాదు, మళ్ళీ కట్టడం అన్నాడాయన.

ఇది చాలావరకు నిజమే. అయితే మా వైపు పిల్లలు చదివిన రష్యా కథల దగ్గర ఈ సూత్రం కొంచెం తడబడుతుందని నాకనిపిస్తుంది. ఆ పుస్తకాలు దివిసీమకి రావడానికి కారణం ఈ నేల రాజకీయమే. చల్లపల్లి జమీందారీ మీద రైతులు పోరాడిన చోటు ఇది. కమ్యూనిస్టు పార్టీకి దాదాపు పాతికేళ్ళు ప్రధాన కార్యదర్శిగా ఉన్న చండ్ర రాజేశ్వరరావుగారిది ఇక్కడి మంగళాపురం. విశాలాంధ్ర వాళ్ళ దుకాణాల నుంచీ, ఊరూరా తిరిగే వాళ్ళ పుస్తకాల బండి నుంచీ మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు పార్టీ అభిమానుల ఇళ్ళలోకి వచ్చేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, పేజీ నిండా రంగులు. ధర చూస్తే చేతి ఖర్చంత. పెద్దవాళ్ళు లెనిన్ కోసం వెళ్ళి పిల్లలకి ఎలుగుబంట్లని తెచ్చేవారు.

ఆ కథల్లో ఒక సోమరి పొయ్యి మీద పడుకుంటాడు. మా పిల్లలకి పొయ్యి అంటే వంటింట్లో మట్టితో అలికిన పొయ్యి. దాని మీద మనిషి ఎలా పడుకుంటాడు? రష్యా పల్లెల్లో ఇటుకలతో గదంత పొయ్యి కట్టి, చలికాలం దాని పైభాగాన వెచ్చగా పడుకుంటారని మాకెవరూ చెప్పలేదు. బార్ట్‌లెట్ లెక్కన అది మంచమైపోవాలి, లేకపోతే రాలిపోవాలి. కాలేదు. ఈ రోజుకీ ఎవరినైనా అడగండి, మొదట చెప్పేది ఆ పొయ్యే. కోడికాళ్ళ గుడిసె కూడా అంతే. అది బాబా యగా అనే మంత్రగత్తెది. మంచు చూడని పిల్లలకి మంచు గుర్తుండిపోయింది. మన లోకంలో ఇమడనిది కొన్నిసార్లు కరిగిపోదు. అలాగే నిలబడిపోతుంది. పేరు దొరకని పుస్తకాన్ని చాలాసార్లు పట్టిచ్చేది ఆ ఇమడని ముక్కే.

రేకలు తుంచిన పిల్ల కథ వలెంతిన్ కతాయెవ్‌ది. ఏడు రంగుల ఏడు రేకలు. ఆరు రేకలు ఆ పిల్ల వ్యర్థంగా ఖర్చుపెడుతుంది. ఏడోది, నడవలేని ఒక పిల్లవాడి కాళ్ళ కోసం వాడుతుంది. ఈ కథ గుర్తున్నవాళ్ళని కదిపి చూశాను. మొదటి ఆరు రేకలతో ఏం కోరుకుందో ఎవరికీ సరిగా తెలియదు. ఏడోది అందరికీ తెలుసు. చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

సోవియట్ పుస్తకాలను గుర్తుపట్టడం ఒక రకంగా తేలిక. లోపలి పేజీలో 'ప్రగతి ప్రచురణాలయం' అని ఉంటే సాధారణంగా పాతది. 'రాదుగ' అని ఉంటే ఎనభైల్లోది, ఎందుకంటే సాహిత్యం కోసం రాదుగని విడిగా పెట్టింది 1982లో. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. వాటిని తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావుగారు, ఆర్వీయార్ గారు లాంటివాళ్ళ పేర్లు పిల్లలం చదవలేదు. ఇప్పుడు చదువుతున్నాం. హైదరాబాదులో 'మంచి పుస్తకం' వాళ్ళు వీటిలో చాలావాటిని మళ్ళీ అచ్చువేశారు. ఒక బందరు అమ్మాయి, ఇప్పుడు అమ్మమ్మ, చుకోవ్‌స్కీ 'మొసలి కాజేసిన సూర్యుడు' కొని మనవరాలికి చదువుతూ, మొసలి రంగు తను అనుకున్నది కాదని చాలాసేపు వాదించింది. వాదించనీ. పాత అచ్చుకీ కొత్త అచ్చుకీ బొమ్మల్లో తేడాలుంటాయి. ఆవిడ మాటే నిజం కావచ్చు.

దొరికినప్పుడు అందరూ సంతోషించరు. ఇది నేను ఊహించని సంగతి. అంత పెద్ద అడవి నాలుగు పేజీల్లో అయిపోతుంది. కళ్ళముందు మెరిసిన బంగారు కోట అచ్చులో రెండు రంగుల చిన్న బొమ్మ. కొందరు పుస్తకం మూసి పక్కన పెట్టేస్తారు. నేను వాళ్ళకి ఒకటే చెబుతాను, వెంటనే చదవొద్దని. నాలుగు రోజులు బల్లమీద ఉంచుకోండి. పేరు గట్టిగా చదవండి, రాసినవాళ్ళ పేరూ, తెలుగు చేసినవాళ్ళ పేరూ, బొమ్మలేసినవాళ్ళ పేరూ. తర్వాత ఎప్పుడో ఒక సాయంత్రం తెరిస్తే ఆ చిన్న బొమ్మలో మీ కోటకి పునాదులు కనిపిస్తాయి. మిగతా అంతస్తులు కట్టింది మీరే. అత్తయ్య 'రాజూ-పేద'ని ఇప్పుడు రోజూ కొంత చదువుకుంటున్నారు. ఊరేగింపు ఘట్టం వచ్చిన చోట మాత్రం తన కథే చెబుతారు, పక్కన కూర్చున్న పిల్లలకి. వాళ్ళు ఇంకో యాభై ఏళ్ళకి ఆ తల్లి కోసం గుర్రం దిగిన కుర్రాణ్ణి వెతుకుతారు.

నాకూ ఒకటి ఉంది, ఇంకా దొరకలేదు. నా ప్రశ్నలన్నిటికీ నేనే జవాబు చెప్పుకుని ఇక్కడ రాస్తున్నాను. ఉప్పెన తర్వాతి వేసవి, బందరు ఇంగ్లీషుపాలెంలో మా బంధువులింట్లో చదివాను. అట్ట లేదు. కథ ఒక పేజీ మధ్యలో మొదలయింది. చందమామ కన్నా చిన్న సైజు, గరుకు కాగితం, నలుపూ ఇటుకరంగూ కలిసిన బొమ్మలు. సముద్రం ఒడ్డున పడవలకి రంగులు వేసే ముసలాయన ఉంటాడు. ప్రతి పడవకీ ముందు భాగాన రెండు కళ్ళు వేస్తాడు. కళ్ళు లేని పడవ ఇంటిదారి చూడలేదని ఆయన నమ్మకం. ఒక కుర్రాడు వస్తాడు. పేరు 'లి'తో మొదలవుతుంది, రెండో అక్షరం గుర్తులేదు. తన దగ్గర డబ్బుల్లేవు, కళ్ళు లేకుండానే పడవ ఇచ్చేయమంటాడు. ముసలాయన ఒప్పుకోడు. చీకటి పడుతుంటే కుంచె తీసి ఒక కన్ను వేస్తాడు. అక్కడితో కాగితాలు అయిపోయాయి. నాకది హంసలదీవి దగ్గర జరిగినట్టే గుర్తు. నిజానికి అది మన కథో, చైనా కథో, ఇంకెక్కడిదో చెప్పలేను. వెనక పేజీల్లో ప్రకటనలు లేవు కాబట్టి పత్రికలోంచి చించింది కాదు. పిల్లల పుస్తకమే.

మీ ఇంట్లో అటకమీదో, అమ్మమ్మల మాటల్లోనో ఈ కథ చివరిదాకా ఉంటే నాకు చెప్పండి. ముందు రెండో కన్ను వేశాడో లేదో చెప్పండి. ఆ తర్వాత రాసినవాళ్ళ పేరు.